ఆదినారాయణ నీళ్ళ డబ్బా

డబ్బా నిండిందా లేదా అని ఆదినారాయణ ఎప్పుడూ వంగి చూడడు. కుళాయి కింద పెట్టి, పక్కన గొంతుక్కూర్చుని వింటాడు. నీళ్ళు అడుగున ఉన్నప్పుడు ఒక మోత, సగానికి వచ్చాక ఒక మోత, మెడ దగ్గరికి వచ్చాక ఇంకో మోత. ఆ మూడో మోత వినబడగానే కుళాయి కట్టేసి, కొసన వేలాడే బొట్టు కూడా డబ్బాలోనే పడేదాకా ఆగుతాడు. అప్పుడు మూత బిగించి, డబ్బాను బోర్లించి ఒకసారి ఊపుతాడు. కారదు. ముప్పై ఏడేళ్ళలో ఒక్కరోజూ కారింది లేదు. డబ్బాలు మాత్రం నాలుగైదు మారాయి. ఇప్పుడున్నది ఇంజనాయిలు వచ్చిన పది లీటర్ల తెల్ల ప్లాస్టిక్ డబ్బా. చెయ్యి కొయ్యకుండా పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టాడు.

“డ్యాము మీదికి పోతా నీళ్ళు మోసకపోతాండావే! ఎవురన్నా చూస్తే నవ్వుతారు,” అంది నాగేంద్రమ్మ గడపలోంచి.

“నవ్వనీమ్మే.”

“ఆడ కంటికి ఆననన్ని నీళ్ళుండాయంట గదయ్యా.”

“ఉంటే ఉండనీ. అవి డ్యాము నీళ్ళు. ఇవి మన నీళ్ళు.”

ఆ డబ్బా గురించి మొగుడూ పెళ్ళాం ఒక హద్దు దాకానే మాట్లాడుకుంటారు. హద్దు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. నాగేంద్రమ్మ జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి క్యారియర్లో పెట్టి చేతికిచ్చింది. రాత్రి నుంచి గుండెల మీద బరువుగా ఉందని ఆయనన్నది గుర్తొచ్చి ఇంత వాము కూడా పొట్లం కట్టి జేబులో వేసింది. గ్యాసేలే అన్నాడు ఆదినారాయణ. అరవయ్యారేళ్ళ ఒంట్లో ఏ నొప్పి వచ్చినా ఆయన పెట్టే పేరు అదొక్కటే.

మనిషి పొట్టి. ఎడమ ముంజేతి మీద సైలెన్సరు కాల్చిన మచ్చ అరచెయ్యంత ఉంటుంది. కుడిచేతి చూపుడువేలికి కొస లేదు, ఏదో లారీ ఫ్యానుబెల్టు కొరుక్కుపోయింది. కళ్ళజోడు ఒక కాలు ఊడితే దారం కట్టి చెవికి తగిలించుకున్నాడు. గోళ్ళలో నలుపు పెళ్ళినాడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. ప్రొద్దుటూరులో డీజిల్ బళ్ళున్న పాతవాళ్ళందరికీ ఆయన ‘డీజిల్ ఆదినారాయణ’గా తెలుసు. వీధిలో ఎదురైతే మాత్రం ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే వాళ్ళు ఆయన్ను ఎప్పుడు చూసినా బండి కింద కాళ్ళు మాత్రమే చూశారు.

ఇల్లు వదిలి, ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో క్యారియర్ పట్టుకుని జమ్మలమడుగు రోడ్డులోని షెడ్డుకు నడిచాడు. షెడ్డు జనార్దనానిది. ఆయన పోయి ఐదేళ్ళయింది. ఇప్పుడు కొడుకు గిరీష్ చూసుకుంటున్నాడు. చూసుకుంటున్నాడు అంటే, వాకిట్లో కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడని. తప్పు అతడిదీ కాదు. కొత్త బళ్ళేవీ ఇటు రావు.

“ఇప్పటి కార్లకు కంప్యూటర్ పెట్టి చూస్తారు మామా, నీ మాదిరి చెవి పెట్టి కాదు,” అని గిరీష్ ఏడాదిగా అంటూనే ఉన్నాడు. షెడ్డు ఎత్తేసి, బోరు వేయించి, కార్లు కడిగే సెంటరు పెట్టాలని అతడి ఆలోచన. ఆదినారాయణకు ఆ మాట గిట్టదు. నడవని బండిని బాగుచేయడం పనిగానీ, బాగున్న బండి మీద పొద్దస్తమానం నీళ్ళు కుమ్మరించడం కూడా ఒక పనేనా అని.

రెండు నెలల కిందట వచ్చాడు నరేష్. ముప్పై ఏళ్ళవాడు, మునకపల్లెవాడు. గండికోట రిజర్వాయరు నిండినప్పుడు వాళ్ళ ఊరూ, చేలూ కిందికి పోయాయి. వాళ్ళ నాయన వేరుశనగ వేసిన చేని మీద ఇప్పుడు అతడు వల వేస్తాడు. పుట్టిలో తెడ్డేసుకుంటూ వల దగ్గరికి పోయి వచ్చేసరికి ఒక పూట గడుస్తుంది, గాలి లేస్తే అదీ లేదు. అందుకని నెల్లూరు వైపు నుంచి పాత ఫైబరు పడవ ఒకటి తెచ్చుకున్నాడు. దానికి ఇంజను లేదు. పాత కారు డీజిల్ ఇంజనయినా సరిపోతుందని ఎవరో చెబితే, అడుగుతూ అడుగుతూ ఈ షెడ్డుకు వచ్చి నిలబడ్డాడు. షెడ్డు మూల పదకొండేళ్ళుగా జనార్దనం టాక్సీ తిప్పిన అంబాసిడర్ ఉంది. నాలుగు టైర్లూ నేలలోకి దిగిపోయాయిగానీ ఇంజను మీద ఆదినారాయణ గోనెపట్టా కప్పి ఉంచాడు. ఎందుకు కప్పావంటే చెప్పలేడు.

గిరీష్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. “ఈ ఇంజను నీళ్ళ మీద నడిచిందనుకో మామా, ఇంకా నాలుగు పడవలోళ్ళు చూస్తాండారంట, నీ షెడ్డు నీకే. నడవకపోతే ఒకటో తారీకు బోరు బండొస్తాది. నువ్వు ఇంటికాడ కూచో.”

ఇంటికాడ కూర్చోమని తన కొడుకు అవినాష్ కూడా అంటాడు. అతడు కలమల్ల దగ్గర పవర్‌ప్లాంటులో ఉద్యోగి, అన్నం పెట్టలేనివాడేమీ కాదు. కానీ కూర్చోవడం ఎలాగో ఆదినారాయణకు తెలియదు. పండగనాడు ఇంట్లో ఉంటే మిక్సీ విప్పుతాడు. షెడ్డు లేని పొద్దు ఎలా ఉంటుందో ఊహించబోయి, ఊహ అందక, ఆ రోజంతా ఒకే స్పానర్ తుడుస్తూ కూర్చున్నాడు.

సరే, రెండు నెలలు పని చేశాడు. చేసినన్నాళ్ళూ తికమకే. ఇంజనంటే తెలుసు, పడవంటే తెలియదు. కారును రోడ్డు మోస్తుంది, మరి దీన్ని ఏది మోస్తుంది? “బ్రేకు యాడ పెట్టాలప్పా?” అని అడిగాడు ఒకనాడు. పడవకు బ్రేకుండదు మామా అన్నాడు నరేష్. “మరి ఎట్ల నిలబడతాది?” “అదే నిలబడతాది.” ఆ జవాబు పట్టుకుని రెండు రోజులు తిండి సయించలేదు ఆయనకు.

అన్నిటికంటే పెద్ద తికమక నీళ్ళ దగ్గర వచ్చింది. కారులో ఇంజనును చల్లబరచడానికి రేడియేటరు ఉంటుంది, దానికి ఎదురుగాలి కొడుతుంది. పడవలో ఇంజను నడుమ గుంతలో కూర్చుంటుంది, గాలి రాదు. బందరు వైపు మెకానిక్ ఒకడి నంబరు నరేష్ సంపాదించి ఫోను చేసి ఇచ్చాడు.

“ఏముందండీ, ఓ పక్క గొట్టం నీళ్ళు పీల్చుద్ది, ఇంజన్లో తిరుగుద్ది, ఇంకో పక్క బయటికి పోద్ది,” అన్నాడు ఆ మనిషి గబగబా.

“యాడికి పోతాది?”

“బయటికండీ.”

“బయటికంటే యాడికప్పా?”

“బయటికంటే బయటికేనండీ బాబూ!”

ఆదినారాయణ ఫోను తిరిగిచ్చేశాడు. వాళ్ళకు సముద్రముంది, వాళ్ళు పారబోస్తారు అనుకున్నాడు. తెల్లవార్లూ ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన ఊళ్ళో పుట్టినవాడు, ఇంజన్లోకి పోయిన నీళ్ళను మళ్ళీ చూడకుండా వదిలేయడమంటే ఎట్లా? ఎవరికీ చెప్పకుండా రేకుతో ముప్పై లీటర్ల పెట్టె ఒకటి వెల్డింగు చేయించాడు. బెల్టుతో తిరిగే చిన్న పంపు ఆ పెట్టెలోంచే నీళ్ళు లాగుతుంది, ఇంజన్లో తిరిగిన నీళ్ళు మళ్ళీ ఆ పెట్టెలోకే వచ్చి పడతాయి. చుక్క వృథా కాదు. షెడ్డులో అరగంట నడిపి చూశాడు. పెట్టెలో నీళ్ళు స్నానానికి సరిపోయేంత వెచ్చగా అయ్యాయి, అంతే. బందరువాడికి తెలివి లేదని తేల్చుకున్నాడు. పోయిన వారం ఇంజనును తీసుకుపోయి పడవలో తుమ్మ దిమ్మెల మీద బిగించి వచ్చాడు.

ఈ రోజు నడిపి చూడాలి.

నరేష్ ట్రాలీ ఆటోలో వచ్చాడు. ఆదినారాయణ అతడి పక్కన ఇరుక్కుని కూర్చుని, డబ్బాను రెండు పాదాల మధ్య పెట్టుకున్నాడు. నరేష్ డబ్బా వైపు చూశాడు, ముసలాయన ముఖం వైపు చూశాడు, నవ్వొచ్చినా ఆపుకున్నాడు. జమ్మలమడుగులో ఆగి టీ తాగారు. ఆదినారాయణ కాస్త వాము నమిలాడు. ఎడమ భుజం లాగుతున్నట్టుంది. స్టార్టర్ మోటారు ఎత్తినప్పుడు పట్టుకుని ఉంటుంది అనుకున్నాడు.

గట్టు మీద లాల్‌బీ కూర్చుని ఉంది. జమ్మలమడుగు బజారులో చేపలమ్మే మనిషి, యాభై దాటినావిడ. నరేష్ చేపలన్నీ ఆమే కొంటుంది. ఇంజను నడిస్తే వల దగ్గర్నుంచే చేపలు చచ్చిపోకముందు తెచ్చుకోవచ్చని ఆమె ఆశ. నేను కూడా ఎక్కుతానంది. నీకెందుకంటే, “నడుస్తాందో లేదో నా కండ్లతో చూడాల,” అంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆదినారాయణ కంటే ముందే పడవెక్కేసింది.

ఆదినారాయణ ఎక్కలేదు. పోయిన వారం ఇంజను బిగించడానికి వచ్చినప్పుడు కూడా ఆయన నీళ్ళకు వీపు పెట్టే పని చేశాడు. ఇప్పుడు తలెత్తి చూడక తప్పలేదు. ఇన్ని నీళ్ళు ఒక్కచోట ఎట్లా ఉన్నాయో, ఎవరూ ఎత్తుకుపోకుండా ఎట్లా నిలిచాయో ఆయనకు అర్థం కాలేదు. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. డబ్బా ముందు పడవలో పెట్టి, ఆ తర్వాత తాను ఎక్కాడు.

ఇంజను రెండో తిప్పుకు అందుకుంది. అబ్బ, ఆ మోత! పదకొండేళ్ళ కిందట జనార్దనం కడపకు టాక్సీ తోలిన మోతే. ఆదినారాయణ ముఖం విప్పారింది. నరేష్ గేరు వేశాడు. పడవ వెనక నీళ్ళు కుతకుతమన్నాయి, గట్టు మెల్లగా వెనక్కి జరిగింది. రోడ్డు తగిలితే బండికి ఒక అదురుంటుంది, ఆ అదురు అరికాళ్ళలోకి వస్తేనే బండి పోతోందని ఆయనకు గురి. ఇక్కడ అదురు లేదు.

“పోతాండామా?” అని అడిగాడు.

“పోతాండాం మామా! చూడు, యాడికొచ్చినామో!” నరేష్ అరిచాడు. లాల్‌బీ చప్పట్లు కొట్టింది.

పావుగంట పోయారు. గట్టు సన్నని గీతయింది. ఎండ చుర్రుమంటోంది. ఎదురుగా గుట్టల వరుస. అందులో ఒక గుట్టకు కొస విరిగి ముక్కు చెక్కినట్టుంటుంది. ఆదినారాయణ ఆ గుట్టను చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు.

“నరేషూ, పులివెందులకు పొయ్యే పాత మట్టిరోడ్డొకటి ఉండ్లా? అది యాడ?”

“మన కిందనే మామా. ఆ ముక్కిరిగిన గుట్ట కనపడ్తాందే, దానికి నేరుగా పోతాండ్లా ఆ రోడ్డు. ఇప్పుడు దాని పైన అరవై అడుగుల నీళ్ళు.”

ఆదినారాయణ పడవ అంచు పట్టుకుని కిందికి చూశాడు. ఆకుపచ్చటి నీళ్ళు తప్ప ఏమీ లేదు.

ఎనభై ఆరు, మే నెల. నాగేంద్రమ్మ పుట్టిల్లు ఏటికి అవతలి పల్లె. జాతరకని జనార్దనం జీపు అడిగి తీసుకుని, రెండేళ్ళ కూతురు నాగశ్రీని ఎత్తుకుని పోయారు. మూడోనాడు పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లను జీపులో వేసుకుని పులివెందుల ఆసుపత్రికి బయల్దేరారు. సగం దారిలో, ఆ ముక్కు విరిగిన గుట్టకు ఎదురుగా, రేడియేటరు గొట్టం చిట్లి నీళ్ళన్నీ కారిపోయాయి. చిట్లినచోట ఆయన గుడ్డపేలిక బిగించి కట్టాడు. ఇక నీళ్ళు కావాలి. చుట్టూ రాళ్ళు, తుమ్మకంప. బావి లేదు, బండి లేదు, మనిషి జాడ లేదు. నాగేంద్రమ్మ ఒళ్ళో ఒక మరచెంబు, అందులో నీళ్ళు. పిల్ల చెంబు వైపే చూస్తోంది. తాగినవన్నీ కక్కేస్తోంది కదా, తాపినా నిలవవు అనుకున్నాడు ఆయన. ఇంజనుకు పోస్తే నాలుగైదు మైళ్ళన్నా పోవచ్చు అనుకున్నాడు. నాగేంద్రమ్మ చేతిలోంచి చెంబు లాక్కుని రేడియేటరులో వంచేశాడు.

జీపు కదిలింది. దారిలో ఒక మోటబావి దొరికి, ఆసుపత్రికీ చేరారు. రెండు రోజులకు పిల్ల పోయింది. ఒంట్లో నీళ్ళు లేకనే పోయింది, దారి పొడుగునా గుక్కెడు గుక్కెడు తాపుతూ తేవాల్సిందయ్యా అన్నాడు డాక్టరు. తాపుతూ కూర్చుంటే జీపు ఎట్లా కదిలేది? కదలకపోతే ఆసుపత్రి ఎట్లా వచ్చేది? పోసింది తప్పా, ఒప్పా? ముప్పై ఏడేళ్ళుగా ఎన్ని ఇంజన్లు విప్పి ఎన్ని బిగించాడో లెక్క లేదుగానీ, ఈ ఒక్క ముడి మాత్రం ఆయన చేతికి రాలేదు. నాగేంద్రమ్మ ఒక్కనాడూ అడగలేదు. ఒకసారి అడిగి, తిట్టి, ఏడ్చి ఉంటే బాగుండేదని ఆయనకు ఎన్నోసార్లు అనిపించింది. అడగలేదు. మరుసటి నెల నుంచి ఆయన ఎక్కడికి పోయినా నీళ్ళ డబ్బా మోయడం మొదలుపెట్టాడు, ఆమె చూసి ఊరుకుంది.

“మామా! ఓ మామా! వాసనొస్తాంది!”

ఆదినారాయణ ఉలిక్కిపడి తిరిగాడు. రేకు పెట్టె మూత సందుల్లోంచి ఆవిరి కొడుతోంది. వేడి చూపే మీటరులో సూది ఎర్రగీత దాటేసింది. “ఆపప్పా, ఆపు!” అని తానే వంగి ఇంజను కట్టేశాడు. చప్పుడు పోగానే ఆ నీళ్ళ మీద ఎంత నిశ్శబ్దం! పెట్టెలో నీళ్ళు తెర్లే మోత ఒక్కటే వినబడుతోంది.

షెడ్డులో ఇంజను ఉత్తిగా తిరిగింది. ఇక్కడ ముగ్గురు మనుషుల్నీ, పడవనూ, ఎదురుగాలినీ లాగుతోంది. ముప్పై లీటర్లు ఏ మూలకి చాలుతాయి? ఈ మాట నిన్న షెడ్డులో చేరిన కుర్రాడు కూడా చెప్పగలడు. డీజిల్ ఆదినారాయణకు ఎందుకు తట్టలేదో ఆదినారాయణకే తెలియలేదు. బోరు బండి షెడ్డు వాకిట్లోకి వచ్చి ఆగినట్టే అనిపించింది.

ఏదో ఒక చల్లటి నీళ్ళు తగలకపోతే ఇంజను బిగుసుకుపోతుందని నరేష్‌కు భయం పట్టుకుంది. ప్రాణమంతా పెట్టి కొన్న పడవ. ఆ కంగారులో చుట్టూ ఉన్న నీళ్ళు గుర్తుకే రాలేదు, కళ్ళెదుట డబ్బా ఒక్కటే కనబడింది. “డబ్బా ఇయ్యి మామా, పోద్దాం!” అని చెయ్యి చాపాడు.

సరిగ్గా అప్పుడే లాల్‌బీ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, “నాకు గొంతు ఎండిపాయెన్నా. ఒక గుక్క ఆ డబ్బా నీళ్ళు ఇట్ల ఇయ్యి,” అని తానూ చెయ్యి చాపింది. ఆమెకేమీ కాలేదు. ఎండకు దప్పికయింది, అంతే.

ఆదినారాయణ డబ్బాను పొట్టకు ఆనించి పట్టుకుని కూర్చున్నాడు. ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు. ముక్కు విరిగిన గుట్ట ఎదురుగానే ఉంది. ఆయన దాని వైపు చూశాడు, ఆవిరి కక్కుతున్న ఇంజను వైపు చూశాడు. నుదుటి మీద చెమట ధారగా కారింది.

“మామా, ఇంజను పోతాది!”

“పోనీ,” అన్నాడు ఆదినారాయణ. ఆ మాట తానే అన్నాడా అని ఆయనకే ఆశ్చర్యమేసింది. “పోతే పోనీప్పా. ముందు ఆయమ్మను తాగనీ.”

మూత విప్పి డబ్బా తానే ఎత్తి పట్టుకున్నాడు. లాల్‌బీ దోసిలి పట్టి నాలుగు గుక్కలు తాగింది. ముసలాయన కళ్ళు తుడుచుకోవడం చూసి ఆమెకు ఏమీ అర్థం కాలేదు. “ఏందన్నా, ఇన్ని నీళ్ళ మీద కూచోని నాలుగు గుక్కలకు ఏడుస్తాండావే?” అంది.

“ఏం ల్యామ్మా. కండ్లల్లో ఆవిరి పడింది.”

మూత బిగించి డబ్బా పక్కన పెట్టాడు. ఇంజను చల్లారేదాకా ముగ్గురూ అట్లాగే కూర్చున్నారు. జొన్నరొట్టె తుంచి పంచుకుని తిన్నారు. బందరువాడు చెప్పింది ఆదినారాయణ అప్పుడు బయటపెట్టాడు. నరేష్ నోరు తెరిచి విన్నాడు.

“ఆ యప్ప అంత సక్కగా చెప్తే ఈ పెట్టె యాలకు పెడ్తివి మామా?”

“పారబోసేకి మనసు రాల్యాప్పా.”

లాల్‌బీ పకపకా నవ్వింది. “యాడికి పోతాయన్నా? మల్ల దాంట్లోకే గదా పడేది!”

ఆదినారాయణ ఆ మాటను కాసేపు నములుతూ కూర్చున్నాడు. నిజమే, దాంట్లోంచి తీసి దాంట్లోకే. ఇంత చిన్న సంగతి ఎవరో నవ్వి చెప్పేదాకా తలకెక్కలేదు. లేచి, పంపు పీల్చే గొట్టాన్ని పెట్టెలోంచి పీకాడు. మూతికి వల ముక్క చుట్టి కట్టి, కుడిపక్క నీళ్ళలోకి జారవిడిచాడు. ఇంజన్లోంచి వచ్చే గొట్టాన్ని ఎడమపక్కకు తెచ్చి పడవ అంచు మీద పెట్టాడు. పెట్టిన చెయ్యి మాత్రం వెంటనే తీయలేకపోయాడు.

ఇంజను మళ్ళీ అందుకుంది. గొట్టం రెండుసార్లు దగ్గి, ధారగా కక్కడం మొదలుపెట్టింది. “అయ్యో, అట్ల పోతాండాయే!” అన్నాడు ఆదినారాయణ పైకే. సూది నడిమికి వచ్చి అక్కడే ఆగిపోయింది. పది నిమిషాలు, పావుగంట, అరగంట. కదల్లేదు. నరేష్ వల దాకా పోయి, చేపలెత్తి, గుట్టల వరుస చుట్టి వచ్చాడు. అంతసేపూ ఆదినారాయణ పడవ అంచున కూర్చుని ఆ ధార కింద చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. గోరువెచ్చగా ఉంది. ఆయన చేతి మీదుగా పోయినన్ని నీళ్ళు ఆయన జన్మలో వాడి ఉండడు.

గట్టు చేరాక నరేష్ గిరీష్‌కు ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు. “నడిచిందా? నిజంగా?” అన్నాడు గిరీష్. “ఆ నాలుగు పడవలోళ్ళు రేపే వస్తామంటాండారు మామా. బోరు బండోనికి వద్దని చెప్తాలే.” ఆదినారాయణ సరే అన్నట్టు తలూపాడు. ఫోనుకు తలూపితే అవతలివాడికి కనబడదని లాల్‌బీ మళ్ళీ నవ్వింది. ఆమె చేపలు సర్దుకుని బజారుకు పోయింది. వీళ్ళిద్దరూ ఆటోలో ప్రొద్దుటూరు దారి పట్టారు.

జమ్మలమడుగు దాటాక ఆదినారాయణ కాళ్ళు జరుపుకున్నాడు. పాదాల మధ్య ఏదీ తగల్లేదు. వంగి చూశాడు.

“డబ్బా మరిసిపోయినానప్పా.”

నరేష్ ఆటో పక్కకు ఆపాడు. “పడవలో ఉంటాది. వెనక్కి పోదామా మామా?”

ఆదినారాయణ వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు, ముందుకు తిరిగి రోడ్డు చూశాడు. కాళ్ళ దగ్గర ఖాళీ ఆయనకు వింతగా ఉంది, ఎవరివో కాళ్ళు అనిపించింది.

“వద్దులే. ఉండనీ ఆడ్నే,” అన్నాడు చివరికి. “పోనీప్పా, మెల్లగ పోనీ. కునుకొస్తాంది.” తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. దారిలో గుంతల దగ్గర తల అటూ ఇటూ ఊగితే నరేష్ ఒక చేత్తో సర్దాడు.

ఇంటి ముందు ఆటో ఆగేసరికి పొద్దు గూకుతోంది. “మామా, ఇల్లొచ్చింది,” అన్నాడు నరేష్. మళ్ళీ అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

నాగేంద్రమ్మ గడప దిగి వచ్చింది. ఆమె చూపు ముందు ఆయన ముఖం మీదికి పోలేదు, కాళ్ళ మధ్యకు పోయింది. “డబ్బా యాడయ్యా?” అంది. ఆ తర్వాత ముఖం చూసింది, చెంప ముట్టుకుంది. ఆటో పక్కనే కూలబడింది.

నరేష్ ఆమె అడిగినదానికే జవాబు చెప్పాడు. “పడవలో మరిసిపోయినాడత్తా. వెనక్కి పోదామంటే వద్దన్యాడు.”

“వద్దన్యాడా?”

“ఊ.”

“తానే వద్దన్యాడా?” అని నాగేంద్రమ్మ రెండోసారి అడిగింది. ఇరుగుపొరుగు వచ్చి ఆమె చుట్టూ చేరాక, ఏడుపు మధ్యలో, మూడోసారి కూడా అదే అడిగింది.

ఐదోనాడు నరేష్ పడవ దగ్గరికి పోయాడు. బోరు బండివాడికి మళ్ళీ ఫోను చేయాలో వద్దో గిరీష్‌కు ఇంకా తేలలేదు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది, ఎడమపక్క గొట్టం ధార కట్టింది. కాలికి ఏదో తగిలితే నరేష్ వంగి చూశాడు. తీసి బోర్లించి ఒకసారి ఊపాడు, ఆయన ఊపడం ఎన్నోసార్లు చూశాడు కాబట్టి. కారలేదు. మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు. ఇంజను పక్కన, పిడికి సైకిల్ ట్యూబు చుట్టిన తెల్ల డబ్బా, మెడ కింద నాలుగు గుక్కల వెలితితో, మూత గట్టిగా బిగించి.